అంట్లు ఎవరు తోముతున్నారు?

బెంగళూరులో మన తెలుగు సంఘాల వారాంతపు యాత్రలకు ఈమధ్య పర్యావరణం పట్టింపు బాగానే పెరిగింది. ప్లాస్టిక్ సీసాలు లేవు, థర్మోకోల్ పళ్ళేలు లేవు, మధ్యాహ్నం భోజనం ఆ ఊరి పొదుపు సంఘం ఆడవాళ్ళ చేతి వంట. సంతోషమే. కానీ ప్లాస్టిక్ మానేసినందుకు పెరిగిన చాకిరీ ఎవరి నెత్తిన పడిందో బిల్లు చూస్తే తెలియదు. అది బిల్లులోనే ఉండదు మరి.

లేపాక్షి యాత్రనే తీసుకోండి. బెంగళూరుకు సుమారు 120 కిలోమీటర్లు, 45 మంది బస్సు. మనిషికి పళ్ళెం, గ్లాసు, రెండు గిన్నెలు అంటే 180 సామాన్లు, వంటపాత్రలు కాక. ఇద్దరు కూర్చుంటే రెండు గంటల పని, 200 లీటర్ల డ్రమ్ము నీళ్ళు. హిందూపురం వైపు ఎండాకాలంలో ఆ డ్రమ్ము నింపడమే ఒక పని. మనం మాట్లాడుకునేది తలకింత అని భోజనం రేటు. అందులో సరుకులు, గ్యాసు లెక్కకొస్తాయి. తోమడం, నీళ్ళు మోయడం మాత్రం ఎలాగూ ఇంటిపనేగా అన్నట్టు జారిపోతాయి. మోదుగాకు విస్తళ్ళు వేస్తే ఈ బెడద చాలావరకు తప్పుతుంది. వాటిని కుట్టేదీ ఎక్కువగా ఆడవాళ్ళే కాబట్టి అక్కడ బేరమాడకండి.

ప్రపంచ పర్యాటక సంస్థ 2019 నివేదిక ప్రకారం ఈ రంగంలో పనిచేసేవాళ్ళలో 54 శాతం ఆడవాళ్ళు, సంపాదన మగవాళ్ళకన్నా 14.7 శాతం తక్కువ. అది కూలి అందేవాళ్ళ సంగతి.

కొటేషన్ అడిగేటప్పుడే సరుకులు, వంట కూలి, తోమే కూలి, నీళ్ళు అని నాలుగు పద్దులు విడివిడిగా రాయించుకోవాలి. సగం డబ్బు వారం ముందే పంపాలి, లేకపోతే సరుకులు అరువుకు తెచ్చి, మిగిలేదంతా వడ్డీకే కడతారు. ఎంతమందో 48 గంటల ముందు ఖాయం చేయాలి. ఆ తర్వాత పదిమంది మానేసినా వాళ్ళ భోజనం డబ్బు ఇవ్వాల్సిందే. (మనవాళ్ళు మానేస్తారు. అందులో సందేహం అక్కర్లేదు.)

ఎక్కువగా తేడా వచ్చేది చెల్లింపులో. గోడకు అంటించిన క్యూఆర్ కోడ్ చాలాసార్లు భర్తదో, కొడుకుదో. స్కాన్ చేసే ముందు తెర మీద ఎవరి పేరు వస్తుందో చూడండి. పోనీ అంతా పొదుపు సంఘం ఖాతాకే వేద్దామంటే, అక్కడ తీర్మానాలు, సంతకాలు అయ్యేదాకా వండినామెకు రూపాయి అందదు. అందుకని సరుకుల అడ్వాన్సు సంఘం ఖాతాకు, కూలి మాత్రం ఎవరిది వాళ్ళ ఖాతాకు, ఆ సాయంత్రమే, బస్సు కదలకముందే. భోజనం కుదిర్చినందుకు డ్రైవరుకు కమిషన్ ఉంటే అది ఎవరి వాటాలోంచి పోతోందో అడిగి తెలుసుకోవాలి.

మరుగుదొడ్ల లెక్క కూడా వేయాలి. బస్సులో 25 మంది ఆడవాళ్ళు, మనిషికి 3 నిమిషాలు అనుకుంటే ఒక్క దొడ్డికి 75 నిమిషాలు, మూడుంటే 25. ఈ లెక్క చూడకుండా పావుగంట ఆపితే మన ఆడవాళ్ళు నీళ్ళు తాగడం మానేస్తారు. వంట చేసేవాళ్ళ గతి ఇంకా అన్యాయం, ఉన్న ఒక్కదాన్నీ అతిథులకు వదిలేసి మనం వెళ్ళేదాకా ఓర్చుకుంటారు.

ఆ ఊరి ఆడవాళ్ళను ఒకే రంగు చీరల్లో వరసగా నిలబెట్టి మనకు హారతి ఇప్పించే ముచ్చట ఒకటుంది. గంట ముందొచ్చి నిలబడాలి. కూలి ఇస్తే సరే, లేదంటే మానేద్దాం.

ఏడాదికొక్క బస్సుతో ఎవరి బతుకూ మారదన్న మాట నిజమే. కేరళలో 2008లో కుమరకంలో మొదలైన బాధ్యతాయుత పర్యాటకంలో (పర్యాటకుల డబ్బు ఊరివాళ్ళకూ అందేలా చూసే పద్ధతి) కుటుంబశ్రీ అనే అక్కడి మహిళా సంఘాల కూరగాయలు హోటళ్ళకు వెళ్ళాయి. హోటల్‌కు కూరగాయలు ఒక్కరోజు కాదు, రోజూ కావాలి. అలాంటి నికరమైన గిరాకీ మనమూ ఇవ్వగలం. బెంగళూరులో ఇన్ని తెలుగు సంఘాలున్నాయి, మాట్లాడుకుని నెలకొకరు వంతున అదే వంటవాళ్ళ దగ్గరికి వెళ్తే సరిపోతుంది.

టికెట్టు పెరుగుతుందని కమిటీలో ఎవరో ఒకరు అంటారు. తోమేందుకు అర రోజు కూలి 350 అనుకుంటే ఇద్దరికి 700, 45 మందికి పంచితే తలకు 16 రూపాయల లోపే. వచ్చే యాత్ర సర్క్యులర్‌లో ఆ పద్దు విడిగా అచ్చువేయండి.