అన్నపూర్ణ అని దండం పెట్టేసి చేతులు దులుపుకోవడమేనా?

ఆకలని వచ్చినవాళ్ళందరికీ జీవితమంతా అన్నం వండి పెట్టిన డొక్కా సీతమ్మ గారి మీద పోస్టు కనబడితే చాలు, కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. అపర అన్నపూర్ణ, నిరతాన్నదాత్రి. కాదని ఎవరన్నారు? కానీ ఆ పోస్టులన్నిటిలో ఒకటే కథ. ఏడవ ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేకానికి రమ్మని పిలుపొచ్చిందట, ఆవిడ రానన్నారట, పోనీ ఫొటో అయినా పంపమన్నారట. దానికీ ససేమిరా అంటే, నా ఉద్యోగం పోతుందమ్మా అని కలెక్టరు బతిమాలుకున్నాడట. చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ జీవితమంతా పొయ్యి దగ్గర గడిపిన మనిషి గొప్పదో కాదో లండన్ రాజు చెప్తే గానీ మనకి నమ్మకం కుదరదా?

ఆవిడ 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి అనుప్పిండి భవానీ శంకరం గారిని ఊళ్ళో అందరూ బువ్వన్న అనేవారట, గుమ్మంలోకి వచ్చినవాళ్ళకి బువ్వ పెట్టందే పంపడు కాబట్టి. అంటే పుట్టింటి నుంచే అలవాటు. చిన్న వయసులోనే లంకల గన్నవరం డొక్కా జోగన్న గారికిచ్చి పెళ్ళి చేశారు.

ఆ గన్నవరం ఎక్కడుందో చూస్తే సగం సంగతి అర్థమవుతుంది. గోదావరి పాయ వైనతేయ ఒడ్డున, లంకల మధ్య. అప్పట్లో కోనసీమలో ప్రయాణమంటే పడవ, లేదంటే కాలినడక. రేవు దాటి వచ్చేసరికి కడుపు కాలుతుంటుంది. పూటకూళ్ళ ఇంటికి వెళ్దామంటే చేతిలో డబ్బులుండాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో పంటకి లోటు లేదు. 1876-78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది మలమల మాడి పోతుంటే కూడా ఇక్కడ కాలవ నీళ్ళు కాపాడాయి. ధాన్యం చాలా ఇళ్ళల్లో ఉంది. వేళాపాళా లేకుండా తలుపు తట్టినా విసుక్కోని ఇల్లుగా పేరు మోసింది మాత్రం వీళ్ళది.

విసుక్కోకపోవడం అంటే చిన్న విషయమా? రాత్రి పూట పదిమంది వచ్చారనుకోండి. మిల్లు బియ్యం లేవు. వడ్లు దంచాలి, చెరగాలి, మట్టిగడ్డలు ఏరాలి. వానాకాలమైతే తడి కట్టెలు, ఊదుగొట్టంతో ఎంత ఊదినా పొగే తప్ప మంట రాదు. గుండిగలో ఎసరు మరిగి, బియ్యం ఉడికి, గంజి వార్చే వేళకి ఆవిరి ముంజేతి మీదకి కొడుతుంది. మా నాన్నమ్మ కుడి చేతి మీద ఆ మచ్చలు నల్లగా అలాగే ఉండిపోయాయి. ఆవిడ వండింది ఇంటిల్లిపాదికీ, పాలేర్లకీ, వచ్చేపోయే చుట్టాలకీ. సీతమ్మ గారు ఊరూ పేరూ తెలియనివాళ్ళకి పెట్టారు. దేవత అనేస్తే ఈ చాకిరీ అంతా మాయమైపోతుంది, అదీ నా బాధ. దేవతలకి చేతులు కాలవు కదా.

ఇంకో కథ ఉంది, ఫొటో కథ కంటే నాకు అదే ఇష్టం. పెద్ద వయసులో అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకీలో బయల్దేరారట. బోయీలు దారిలో కాసేపు దించారు. అటుగా వస్తున్న పెళ్ళివారిలో పిల్లలు ఆకలని గోల పెడుతుంటే, కాస్త ఓర్చుకోండర్రా, గన్నవరం వచ్చేస్తోంది, సీతమ్మ గారింట్లో అన్నం తిందురు గాని అని పెద్దవాళ్ళు సముదాయిస్తున్నారు. అది చెవిన పడగానే పల్లకీ వెనక్కి తిప్పించారట. భక్తి లేక కాదు. స్వామి ఆగుతాడు, పిల్లల ఆకలి ఆగదు అని తేల్చుకున్నారు, అంతే. ఇప్పుడేమో అన్నదానం చేస్తే దాత ఫొటోతో నిలువెత్తు ఫ్లెక్సీ, అందులో అన్నం గిన్నె కంటే ఆయన మెళ్ళో గొలుసే పెద్దగా కనబడుతుంది. సరే, ఎలాగోలా పెడుతున్నారు కదా అని సర్దుకుపోతాను.

పెట్టీ పెట్టీ ఆస్తి కరిగిపోతుంటే జోగన్న గారికి పొలంలో బంగారు నాణాల బిందె దొరికిందని కూడా చెబుతారు. నాకు ఆ కథ మీద అనుమానం. ఇచ్చినవాళ్ళకి నిజంగానే తరిగిపోతుందని ఒప్పుకోవడం మనకి భయం, అందుకే బిందె తవ్వి తీశాం. ఆస్తి తరుగుతున్నా భార్యకి అడ్డు చెప్పని జోగన్న గారిని మాత్రం ఎవరూ తలుచుకోరు. ఆ రోజుల్లో గాదె తాళం మగవాడి చేతిలోనే కదా ఉండేది!

1909లో ఆవిడ పోయారు. నది మీదుగా కాలవని దాటించే గన్నవరం అక్విడక్టుకి ఆవిడ పేరు పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికీ అదే పేరు. పేరు బాగుంది, అంతకంటే తగిన పేరు దొరకదు కూడా. మరి ఆ భోజనం వండుతున్నది ఎవరు? పొద్దున్నే ఇంటి పని ముగించుకుని బడికి పరిగెత్తే ఆడవాళ్ళు. వాళ్ళ గౌరవ వేతనం 2019లో నెలకి 1000 నుంచి 3000 రూపాయలు చేశారు, అదే పెద్ద పెంపు. రోజుకి వంద. బిల్లులు రాలేదని, కిరాణా కొట్టులో అరువు పెరిగిపోయిందని వాళ్ళు కలెక్టరేట్ల ముందు కూర్చున్న వార్తలు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. మనం స్క్రోల్ చేసేస్తాం. సీతమ్మ గారి బొమ్మ దగ్గర మాత్రం ఆగి దండం పెడతాం.

మీ ఊరి బడిలో వంట చేసే ఆవిడని ఎప్పుడైనా పలకరించారా? లేకపోతే రేపు వెళ్ళండి. పోయిన నెల డబ్బులు వచ్చాయో లేదో అడగండి. దండం బొమ్మ బదులు ఆవిడేమందో కింద రాయండి.