ఫొటో ఉందా?

రాత్రి తొమ్మిది దాటాక, జిల్లా ఎడిషన్ పేజీలు కట్టే హడావుడిలో ఉండగా, డెస్కుకి అప్పుడప్పుడూ ఒక ఫోను వస్తుంది. ఫలానా ఊళ్లో హరిదాసు గారు పోయారనో, ఒకప్పటి నాటకాల పెద్దాయన ఇక లేరనో మండల విలేకరి చెబుతాడు. మేము అడిగే మొదటి మాట ఒకటే. ఫొటో ఉందా?

చాలాసార్లు ఉండదు. ఆధార్ కార్డు మీది బొమ్మనే ఫోనులో తీసి పంపుతారు. లేదంటే ఎప్పటిదో ఒక గ్రూపు ఫొటో వస్తుంది. అందులో అందరూ రంగు పూసుకుని, కిరీటాలు పెట్టుకుని ఉంటారు. పోయినాయన ఎవరో ఇంట్లోవాళ్లు వేలు పెట్టి చూపించాలి. ఊరు ఊరంతా తెల్లవార్లూ మేలుకుని, వన్స్‌మోర్ అంటూ పద్యం మళ్లీ మళ్లీ పాడించుకున్న మనిషి ముఖం మా దగ్గర లేదు.

మర్నాడు వార్త వస్తుంది. కళారంగానికి తీరని లోటు అని రాస్తాం. ఆ మాట ఇప్పటికి ఎన్నిసార్లు అచ్చువేశామో తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది. ఎందుకంటే ఆయన బతికున్న చివరి పదేళ్లలో ఆ గుమ్మం తొక్కిన విలేకరి లేడు. ఆ లోటు ఆయన పోయిన రోజున రాలేదు. ఊళ్లో జాతరకి ఆయన్ని పిలవడం మానేసిన ఏడాదే వచ్చింది. ఆ సంగతి మేము రాయలేదు, ఎవరూ అడగలేదు.

విజయనగరానికి ఒకప్పుడు వేరే అలవాటు ఉండేది. 1919లో ఇక్కడ మహారాజా వారి సంగీత కళాశాల మొదలైంది. తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు గారు. ఆ ఏడాదే 26 ఏళ్ల కుర్రాడొకడు వయొలిన్ నేర్చుకోవడానికి విద్యార్థిగా చేరదామని వచ్చాడు. అతని వాయిద్యం విన్నాక, నువ్వు నేర్చుకోవడానికి కాదు, నేర్పడానికి తగినవాడివని ఆయన్ని ఆచార్యుడిగానే పెట్టుకున్నారు. ఆయనే ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. తర్వాత ఆ కళాశాలకే అధ్యక్షులయ్యారు. ఎదురుగా ఉన్న మనిషిలోని విద్యను అప్పటికప్పుడు గుర్తుపట్టడం, అది ఉందని ఆ మనిషి ముఖం మీదే చెప్పడం ఈ ఊళ్లో జరిగిన విషయాలు.

ఘంటసాల గారి కథ ఈ ఊళ్లో ప్రతి ఇంటికీ తెలుసు. కృష్ణా జిల్లా నుంచి సంగీతం మీద ఆశతో వచ్చిన పిల్లవాడు. చేతిలో డబ్బు లేదు. పట్రాయని సీతారామశాస్త్రి గారు పాఠం చెప్పారు. కడుపు నింపుకోవడానికి ఆ పిల్లవాడు జోలె భుజాన వేసుకుని మధుకరానికి వీధులు తిరిగాడు. ఆ జోలెలో అన్నం పెట్టిన ఇల్లాళ్లకి ఆయన రేపు ఘంటసాల అవుతాడని తెలియదు. సంగీతం చదువుకుంటున్నాడు, ఆకలిగా ఉన్నాడు అని మాత్రమే తెలుసు. వాళ్లకి అది చాలింది. ఇవాళ ఆయన పేరు మీద ఊరూరా జరిగే సభలన్నీ ఒక ఎత్తయితే, ఏ పేరూ ఆశించకుండా ఆ జోలెలో పడ్డ ముద్ద ఇంకో ఎత్తు. మా దృష్టిలో ఆ ముద్దదే పైచేయి.

అదే నేల మీద ఇంకో కథ కూడా ఉంది. అది చెప్పుకోవడానికి గొంతు పెగలదు. శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన గరిమెళ్ల సత్యనారాయణ గారు 'మాకొద్దీ తెల్లదొరతనము' అని రాసి పాడితే ఆంధ్రదేశం అంతా ఆ పాటే పాడింది. దానికి ఆయన జైలుకి వెళ్లారు. స్వరాజ్యం వచ్చింది. 1952లో ఆయన మద్రాసులో పేదరికంలో కన్నుమూశారు. అంటే తాను పాడి రప్పించిన స్వతంత్ర దేశంలో అయిదేళ్లు బతికారు, ఆ అయిదేళ్లూ ఇబ్బందుల్లోనే బతికారు. ఆయన పాట తెలిసినవాళ్లు అప్పటికి లక్షల్లో ఉన్నారు. ఆయన ఎక్కడున్నారో, ఏం తింటున్నారో తెలిసినవాళ్లు ఎందరు?

వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి గారి సంగతీ అలాంటిదే. గుండె మీద ఏనుగును నడిపించుకున్న మనిషిని చూడటానికి దేశదేశాల జనం ఎగబడ్డారు. చివరికి ఆరోగ్యం చెడి, కాలు పోగొట్టుకుని, 1942లో ఒడిశా గడ్డ మీద వెళ్లిపోయారు. శ్రీకాకుళంలో ఆయన పేరున స్టేడియం ఉంది. ఉండాల్సిందే. కానీ స్టేడియానికి పెట్టుకున్న పేరు ఆ చివరి రోజుల్లో ఆయన మంచం పక్కన కూర్చోలేదు కదా.

ఇవి పాత రోజులు, ఇప్పుడు అలా లేదులే అనుకునే వీలు లేదు. మన జిల్లాల్లో తప్పెటగుళ్లు ఆడే బృందాలనే చూడండి. ఛాతీ మీద తప్పెట కట్టుకుని, కాళ్లకి గజ్జెలతో, రెండు చేతులా వాయిస్తూ, పాడుతూ, గెంతుతూ, గుండ్రంగా తిరిగే ఆట అది. ఆ ఆటకి వయసు కావాలి. అరవై దాటిన గురువు గెంతలేడు. మోకాళ్లు అరిగిపోయి ఉంటాయి. కానీ పాటలన్నీ ఆయన బుర్రలోనే ఉన్నాయి, ఎక్కడా కాగితం మీద లేవు. ఆయన దగ్గర నేర్చుకోవాల్సిన కుర్రాళ్లు హైదరాబాదులోనో చెన్నైలోనో భవనాల పనికి వెళ్లిపోయారు. బృందం కట్టాలంటే పది పదిహేను మంది ఉండాలి. పండక్కి ఇంటికొచ్చిన నాలుగు రోజుల్లో ఆ సంఖ్య పోగవదు. వలస గురించి మేము చాలా రాశాం, పొలాల గురించి, వృద్ధుల ఒంటరితనం గురించి రాశాం. వలస ఒక గురువుని శిష్యుడు లేకుండా చేసిందని మాత్రం రాయలేదు.

జముకు వాయిస్తూ జముకుల కథ చెప్పేవాళ్లదీ, తూర్పు భాగవతం అనే నృత్యనాటకం ఆడేవాళ్లదీ ఇదే పరిస్థితి. వీళ్లు విద్య తగ్గి మరుగున పడ్డవాళ్లు కారు. వేదిక వాళ్ల కాళ్ల కింద నుంచి జరిగిపోయింది, అంతే. ఊరి చందాల్లో డీజేకి అడ్వాన్సు ముందు వెళుతుంది. మిగిలితే కథకి అంటారు. మిగలదు.

వేదిక మీదికి ఎన్నడూ రాని కళాకారులు కూడా ఉన్నారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి వీణ చేస్తారు. అతుకు లేని వీణ. భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. జిల్లాకి ఏ ప్రముఖుడు వచ్చినా చేతిలో పెట్టేది ఆ వీణ చిన్న నమూనానే. ఆ క్షణం ఫొటో మేము తప్పకుండా వేస్తాం. ఇచ్చినవారి పేరు, పుచ్చుకున్నవారి పేరు, పక్కన నిలబడ్డవారి పేర్లు అన్నీ వరసగా రాస్తాం. ఆ వీణ చేసినవారి పేరు ఒక్కసారి కూడా రాయలేదు. ఆ పేరు కోసం ఒక్క ఫోను చేసినా సరిపోయేది.

సన్మానాలు చేస్తున్నాం కదా అంటారేమో. చేస్తున్నారు, మేము చాలా సభలకి వెళ్లాం. ఎనభై ఏళ్ల మనిషిని సాయంత్రం అయిదింటికి రమ్మంటారు. ముఖ్య అతిథి వచ్చేసరికి ఎనిమిదవుతుంది. అప్పటిదాకా ఆయన మొదటి వరస కుర్చీలో నడుం నొప్పితో కూర్చుంటారు. శాలువా కప్పేటప్పుడు ఆయన్ని కెమెరా వైపు తిప్పుతారు. ఒక జ్ఞాపిక, ఒక పూలగుత్తి, రెండు నిమిషాలు మాట్లాడమంటారు. ఆయన గొంతు సవరించుకుని పద్యం ఎత్తుకునేలోపు, సమయం లేదండీ అంటారు. తిరిగి వెళ్లడానికి ఆటో ఎవరు పెడతారో తెలియదు. ఇంటికెళ్లాక ఆ శాలువాల దొంతర మీద ఇంకో శాలువా చేరుతుంది. మందుల షాపులో బాకీ అలాగే ఉంటుంది.

శాలువా వద్దనడం లేదు. ఆ మనిషిని కారు పంపి తీసుకురండి. ముందు ఆయన చేత పాడించండి, ఉపన్యాసాలు తర్వాత పెట్టుకోండి. ఆయన పాడేటప్పుడు ముఖ్య అతిథి కింద కూర్చుని విననివ్వండి. కవరులో డబ్బు పెట్టి, భోజనం పెట్టి, ఇంటి గుమ్మం దాకా దింపి రండి. కుదరకపోతే సభ మానేసి ఆయన ఇంటికే నలుగురూ వెళ్లండి. అరుగు మీద కూర్చుని, మీరు ఫలానా ఊళ్లో వేసిన వేషం మా నాన్న ఇప్పటికీ చెబుతాడండీ అని చెప్పి చూడండి. ఆ ఒక్క మాటకి ఆ ముఖంలో వచ్చే వెలుగు ఎలా ఉంటుందో, ఆలస్యంగానైనా అలాంటి ఇళ్లకి వెళ్లిన మా విలేకరులకి తెలుసు.

2020లో శ్రీకాకుళం జిల్లా రంగస్థల నటుడు యడ్ల గోపాలరావు గారికి పద్మశ్రీ ప్రకటించినప్పుడు ఈ ప్రాంతపు నాటక సమాజాలన్నీ పొంగిపోయాయి. ఊళ్లల్లో హార్మోనియం పెట్టె మీదా, పెట్రోమాక్స్ వెలుగులోనూ బతికిన పద్య నాటకానికి ఢిల్లీ దాకా వెళ్లే దారి ఉందని అప్పుడు తెలిసింది. అదే ఏడాది ఆగస్టులో ప్రజాగాయకుడు వంగపండు ప్రసాదరావు గారు పార్వతీపురంలో వెళ్లిపోయారు. అవి కరోనా రోజులు. ఆయన పాటకి గజ్జెకట్టి ఆడిన ఊళ్లు కదలడానికి వీల్లేని కాలం. ఆయన్ని చూడాలనుకున్నవాళ్లు చూడాల్సింది అంతకుముందే. ఆ రోజు మా ఆఫీసుకి ఫోను చేసి ఏడ్చినవాళ్లలో కొందరు అన్న మాట కూడా అదే, పోయినేడాదే వెళ్లి కలుద్దామనుకున్నాం అని.

సాయం దగ్గరికి వద్దాం. డప్పు కళాకారులకి రాష్ట్రంలో సామాజిక పింఛను ఉంది. 2024 జులై నుంచి అది నెలకు 4,000 రూపాయలు. 60 ఏళ్లు దాటి, ఆదాయం తక్కువగా ఉన్న కళాకారులకి కేంద్ర సాంస్కృతిక శాఖ నెలకి 6,000 రూపాయల వరకూ ఇచ్చే పథకం ఉంది. ఇవి ఉన్నాయని తెలియని ఇళ్లు చాలా ఉన్నాయి. తెలిసినా, తాను కళాకారుడినని రుజువు చూపించుకోవాలి. రుజువంటే ఏముంటుంది వాళ్ల దగ్గర? సన్మాన పత్రాలు, కరపత్రాలు, పేపరు కటింగులు. మేము రాయకపోతే ఆ కటింగు ఉండదు. ఒక చిన్న వార్త వేయకపోవడం ఒక ముసలాయన మందుల ఖర్చు దాకా వెళుతుందని మాకు ఇన్నాళ్లూ తట్టలేదు. గ్రామ సచివాలయం సిబ్బందిని మేము కోరేది కూడా ఇంతే. ఈ పెద్దలు మీ దగ్గరికి వచ్చేదాకా ఆగకండి. మీ ఊళ్లో వీళ్లెవరో మీకు తెలుసు. కాగితాలు మీరే పట్టుకెళ్లి నింపించండి.

ఈ పని ప్రభుత్వం ఒక్కటే చేయాలని కూడా మేము అనుకోవడం లేదు. 1935లో విజయనగరంలో పుట్టి, ఇక్కడి సంగీత కళాశాలలోనే చదువుకున్న పి.సుశీల గారు తన పేరున ట్రస్టు పెట్టి, ఇబ్బందుల్లో ఉన్న సంగీత కళాకారులకి నెలనెలా పింఛను ఇచ్చే ఏర్పాటు చేశారు. సభలో పొగడ్త కన్నా ఒకటో తేదీన చేతికందే డబ్బు విలువ ఆ రంగంలో బతికిన మనిషికే బాగా తెలుస్తుంది. శ్రీకాకుళంలో కథా రచయిత కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో తెలుగు కథల గ్రంథాలయం కథానిలయం తెరిచారు. తనకొచ్చిన పురస్కారాల డబ్బు అందులోనే పెట్టారు. ఎవరో మర్చిపోయిన రచయిత, ఏదో పాత పత్రికలో రాసిన ఒకే ఒక్క కథ కోసం కూడా ఉత్తరాలు రాసి, మనుషుల్ని పంపి తెప్పించేవారు. తన పేరు పక్కన పెట్టి పక్కవాడి కథని భద్రంగా దాచిన మనిషి ఆయన. పాటకీ, పద్యానికీ, తప్పెటకీ అలాంటి ఇల్లొకటి ఈ జిల్లాల్లో ఎందుకు ఉండకూడదు? ఇప్పుడు ప్రతి జేబులోనూ ఫోను ఉంది. ఒక మధ్యాహ్నం కూర్చుని తాతగారి చేత నాలుగు పాటలు పాడించి రికార్డు చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మా వంతు మేము మొదలుపెడుతున్నాం. వచ్చే ఆదివారం నుంచి జిల్లా ఎడిషన్‌లో వారానికి ఒకరి గురించి రాస్తాం. బతికున్నవారి గురించే, వాళ్ల ఇంటికి వెళ్లి, వాళ్లతో కూర్చుని. ఫొటోగ్రాఫరు వెంట వస్తాడు. వేషం కట్టి ఒకటి, మామూలు బట్టల్లో ఒకటి, ఇంట్లోవాళ్లందరితో ఒకటి తీస్తాం. ఫ్రేము కట్టించి వాళ్లకే ఇస్తాం. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఊరు లక్షల జనంతో నిండినప్పుడు, ఆ రోజు పేజీలో ఈ ముఖాలన్నీ ఒక్కచోట ఉండాలని మా కోరిక. ఆ పండుగ వేదికల మీద వీళ్లకి ఒక పూట కేటాయించమని ఉత్సవ కమిటీనీ అడుగుతున్నాం. రాత్రి ఆఖరున కాదు, జనం నిండుగా ఉండే వేళకి.

పాఠకులు మాకు చేయాల్సిన సాయం ఒకటుంది. మీ ఊళ్లో అలాంటి పెద్దలుంటే మీ మండల విలేకరికి చెప్పండి. పేరు, వీధి, ఏ కళ, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, పింఛను వస్తోందా లేదా, రోజులో ఏ వేళకి వెళితే ఓపికగా మాట్లాడగలరు. చెవులు సరిగా వినపడకపోతే అదీ చెప్పండి, మావాళ్లు దగ్గరగా కూర్చుంటారు.