డెల్ఫ్టులో పిలవని పేరంటం

"నాన్నా, ఆరెంజ్ గొడుగు ఎక్కడుంటే మీరక్కడుండండి. అంతకుమించి మీరేమీ చెయ్యక్కర్లేదు" అన్నాడు మావాడు, ఆఫీసుకి సైకిలెక్కుతూ. నేను ఆ మాట అక్షరాలా పాటించాను. తర్వాత జరిగినదానికి నన్నొక్కణ్ణే అనడం న్యాయం కాదు.

మావాడు నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్ అనే ఊళ్లో ఉంటాడు. మేమిద్దరం బందరు నుంచి రెండు నెలలు ఉండివెళ్దామని వచ్చాం. రోజంతా కిటికీ దగ్గర కూర్చుని పోయే సైకిళ్లు లెక్కపెడుతున్నామని జాలిపడి, ఊరు నడిపించి చూపించే టూరు ఒకటి బుక్ చేశాడు.

"ఎంతరా?"

"ఫ్రీ నాన్నా."

ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో పనిచేసినవాణ్ణి. ఫ్రీ అనగానే నా కళ్లు కింద చిన్న అక్షరాల కోసం వెతుకుతాయి. గట్టిగా అడిగితే అసలు సంగతి చెప్పాడు. టికెట్టు ఉండదు గానీ చివర్లో గైడుకి మనకు తోచింది ఇవ్వాలట. మనిషికి పది యూరోలిస్తే మర్యాదగా ఉంటుందట. పది యూరోలంటే దరిదాపు వెయ్యి రూపాయలు!

"మరి ఫ్రీ అంటావేమిట్రా?"

"గుళ్లో హారతి పళ్లెం అనుకోండి నాన్నా."

అలా చెబితే మనకెందుకు అర్థం కాదు?

టూరు అయ్యాక అటునుంచి అటే వాళ్ల మేనేజరు ఇంటికి వెళ్లాలన్నాడు. అందుకని మా ఆవిడ కిలో బందరు లడ్లు డబ్బాలో సర్ది, సంచీ నా భుజానికి తగిలించింది. ఫోనులో ఇక్కడి సిమ్ము ఉన్నది ఆవిడకే. నా ఫోను వైఫై దొరికినప్పుడు మాత్రమే ఫోను, మిగతా సమయంలో గడియారం. మావాడు మాత్రం ముందుచూపుతో తన నంబరు చీటీ మీద రాసి నా చొక్కా జేబులో పెట్టాడు, బడికెళ్లే పిల్లాడికి పెట్టినట్టు.

ఊరి నడిబొడ్డున మార్క్ట్ అని పెద్ద మైదానం లాంటి సంత చౌకు. అక్కడ హ్యూగో గ్రోషియస్ విగ్రహం దగ్గర పాతికమంది పోగయ్యాం. గైడు పాతికేళ్ల అమ్మాయి, చేతిలో ఆరెంజ్ గొడుగు, గుక్కతిప్పుకోని ఇంగ్లీషు. ఈ గ్రోషియస్ 1583లో ఈ ఊళ్లోనే పుట్టాడట. అంతర్జాతీయ న్యాయశాస్త్రానికి పునాది వేసిన మహానుభావుడు. రాజకీయాల్లో తగువొచ్చి కోటలో యావజ్జీవ ఖైదు వేస్తే, ఆయన భార్య పుస్తకాలు తెచ్చిపోయే పెట్టెలో మొగుణ్ణి కూర్చోబెట్టి, 1621లో కాపలావాళ్ల చేతనే బయటికి మోయించిందట.

"విన్నారా? పెళ్లాం చెప్పినట్టు పెట్టెలో కదలకుండా కూర్చున్నాడు కాబట్టి బతికిపోయాడు" అంది మా ఆవిడ. ఆ మాట ఎందుకందో సాయంత్రానికి గానీ నాకు తెలిసిరాలేదు.

విగ్రహం వెనకాలే కొత్త చర్చి. దాని గోపురం 1396లో మొదలుపెట్టి 1496లో పూర్తిచేశారు. నూరేళ్లు! అయిపోయి ఐదువందల ఏళ్లు దాటినా ఇంకా కొత్త చర్చే. మాతో ఉన్న అమెరికా దంపతులు ఆశ్చర్యపోయారు గానీ నాకేమీ వింత అనిపించలేదు. మన ఊళ్లలో కొత్త బస్టాండ్లు చూడండి. గోపురం ఎత్తు 108.75 మీటర్లు, పైకి 376 మెట్లు. మెట్లెక్కడం ఈ టూరులో లేదని గైడు చెప్పగానే మా గుంపులో పెద్దవాళ్లందరి మొహాలూ వెలిగాయి. ఇక్కడి రాజవంశం వాళ్లని ఈ చర్చిలోనే పూడుస్తారు. ఆ వంశానికి మూలపురుషుడు ఆరెంజ్ విలియం, డచ్చివాళ్లకి జాతిపిత. ఆయన్ని 1584లో ఈ ఊళ్లోనే తుపాకీతో కాల్చి చంపారు. ఆ గుండ్లు గోడలో చేసిన బొక్కలు ఇప్పటికీ ఉన్నాయట. ఆ ఆరెంజ్ వల్లే ఈ దేశానికి ఆరెంజ్ రంగంటే ప్రాణం. పండగొచ్చినా, ఫుట్‌బాల్ మ్యాచొచ్చినా ఊరంతా అదే రంగు.

ఈ ముక్క వింటున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. అందరికీ అదే రంగు ఇష్టమైతే గొడుగులు మాత్రం వేరే రంగులో ఎందుకుంటాయి?

నా పతనానికి కారణం జీలకర్ర. కాలువ గట్టున ఒక చీజ్ దుకాణం ముందు పళ్లెంలో చిన్న చిన్న ముక్కలు పెట్టి ఉన్నాయి, రుచి చూడమని. ఇది హారతి పళ్లెం బాపతు కాదు, నిజంగానే ఫ్రీ. ఒకటి నోట్లో వేసుకున్నానా, పంటికింద జీలకర్ర తగిలింది. మూడు వారాలుగా చప్పిడి తిండి తింటున్న నాలుకకి అది మేనమామ కనపడినట్టుంది. రెండోది వేసుకున్నాను. దుకాణంలో అమ్మాయి నవ్వింది కదా అని మూడోది, నాలుగోది కూడా అయ్యాయి. ఈలోగా వాన మొదలైంది. ఇక్కడి వాన పైనుంచి పడదు, పక్కనుంచి కొడుతుంది. కళ్లద్దాలు తుడుచుకుని చూసేసరికి ఎదురుగా వంతెన మీద నల్లకోట్ల గుంపు, దాని మధ్యలో పైకెత్తి పట్టుకున్న ఆరెంజ్ గొడుగు. సంచీ గుండెకి హత్తుకుని పరిగెత్తాను. మధ్యలో సైకిళ్ల దారికి అడ్డంపడితే ఒకాయన గంట కొట్టి ఏదో అన్నాడు. భాష తెలియకపోయినా భావం చేరింది.

గుంపులో అందరూ ఆరడుగుల పైమాటే. ప్రపంచంలో అందరికంటే పొడుగువాళ్లు వీళ్లేనంటారు. నాకు వీపులు తప్ప ఏమీ కనపడలేదు. మాటలు మాత్రం డచ్చిలో సాగుతున్నాయి. గొంతులోంచి గీరుకుంటూ వచ్చే ఆ 'హ' శబ్దం విని, సగం టూరు ఇంగ్లీషులో, సగం స్థానిక భాషలో కాబోలనుకున్నాను. ప్రభుత్వ సభల్లో అలాగే కదా జరుగుతుంది. అందరూ తలెత్తితే నేనూ ఎత్తాను, అందరూ నవ్వితే నేనూ నవ్వాను. పాత చర్చి గోపురం దగ్గరికొచ్చాం. అది ఒక పక్కకి రెండు మీటర్లు ఒరిగి ఉంటుంది. పూడ్చిన కాలువ మీద కట్టారట, అందుకే కుంగింది. వానలో చూస్తుంటే నేనే ఒరిగానేమోనని ఒక్క క్షణం అనుమానం వచ్చింది.

గొడుగు కింద ఒక పెద్దావిడ చక్రాల వాకర్ తోసుకుంటూ నడుస్తోంది. రాళ్ల బాటలో చక్రం ఇరుక్కుంటే, పక్కనే ఉన్నాను కాబట్టి వంగి తీశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఏదో ఆప్యాయంగా అంది. దాంతో గుంపంతా నావైపు తిరిగి చిరునవ్వు నవ్వింది. మంచివాళ్లు అనుకున్నాను.

కాఫీ హోటల్లోకి దారితీశారు. టూరులో కాఫీ కూడా ఉందా! ఇక ఈ దేశం మీద నాకున్న చెడ్డ అభిప్రాయాలు రద్దు చేసుకున్నాను. పొడుగాటి బల్ల చుట్టూ కుర్చీలు, నాకు గోడవైపు చోటిచ్చారు. అప్పుడు ఒక్కొక్కరే లేచి అందరికీ చేతులు కలుపుతూ "హెఫెలిసిటేర్ట్" అనడం మొదలుపెట్టారు. టూరుకి వచ్చినందుకు ధన్యవాదాలు అని కాబోలు. నేనూ లేచి, దొరికినవాడికల్లా చెయ్యి కలిపి "హెఫెలిసిటేర్ట్" అన్నాను. ఉచ్చారణ బాగుందని ఒకాయన భుజం తట్టాడు. పెద్దావిడ దగ్గరికెళ్లి అదే మాట అంటే, నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుని కుడి బుగ్గ మీద ఒకటి, ఎడమ మీద ఒకటి, మళ్లీ కుడి మీద ఒకటి ముద్దు పెట్టింది. పెళ్లయి ముప్పై ఆరేళ్లయింది, నలుగురిలో భార్య చెయ్యి కూడా పట్టుకోని మనిషిని. కాళ్లలో వణుకొచ్చి కూర్చుండిపోయాను.

కూర్చున్నాక కనపడింది. ఆవిడ కుర్చీ వెనక రంగు కాగితాల తోరణం. దానికి అటొకటి ఇటొకటి బంగారు రంగు బెలూన్లు. ఒకటి ఎనిమిది, ఒకటి సున్నా.

మనవైపు అయితే సహస్ర చంద్ర దర్శనం అంటాం. పిల్లలూ మనవలూ కలిసి అమ్మమ్మకి ఎనభై నిండాయని ఊరంతా ఒకసారి నడిపించి తీసుకొచ్చారన్నమాట. ఇక్కడ పుట్టినరోజు ఎవరిదో వాళ్లకే కాదు, ఇంట్లోవాళ్లందరికీ అభినందనలు చెబుతారట. నాకింత మర్యాద ఎందుకు జరిగిందో కూడా బోధపడింది. మన పెళ్లిళ్లలో ముక్కూమొహం తెలియనివాడు బంతిలో కూర్చుంటే, ఆడపెళ్లివారు మగపెళ్లివారి తాలూకు అనుకుంటారు, మగపెళ్లివారు ఆడపెళ్లివారి తాలూకు అనుకుంటారు. వడ్డించేది మాత్రం ఇద్దరూ. నేను పెద్ద కూతురి వాళ్లకి చిన్నకొడుకు స్నేహితుణ్ణి, చిన్నకొడుకు వాళ్లకి పెద్ద కూతురి ఇరుగుపొరుగుని.

లేచిపోదామంటే వెనక గోడ. కుడివైపొక ఆరున్నర అడుగులాయన, ఎడమవైపు ఆయన తమ్ముడు. గ్రోషియస్‌కి కనీసం పెట్టె ఉంది.

ఆపిల్ కేకు వచ్చింది. ఇక్కడ కేకు మనిషికి ఒక ముక్కని లెక్కగా తెప్పిస్తారు. అందరికీ అందింది, ఒక్క పదేళ్ల పిల్లకి తప్ప. ఆ పిల్ల ఖాళీ పళ్లెం వంక చూసింది, బల్ల చుట్టూ వేలు తిప్పుతూ తలలు లెక్కపెట్టింది, చివరికి వేలు నా దగ్గర ఆపింది. ఎంతోమంది ఆడిటర్లని చూశాను, ఇంత నిక్కచ్చి తనిఖీ చూడలేదు.

లేచి నిలబడ్డాను. బ్యాంకులో నేర్చిన ఇంగ్లీషు అంతా కూడదీసుకుని, నేను తప్పు గొడుగు కింద వచ్చినవాణ్ణని మనవి చేసుకున్నాను. మూడు క్షణాలు నిశ్శబ్దం. తర్వాత ఆరున్నర అడుగులాయన నవ్విన నవ్వుకి కప్పులు గలగలలాడాయి.

ఒక మూల నుంచి తెల్లగడ్డం పెద్దాయన అడిగాడు, ఏ ఊరు మీదని. ఇండియా అన్నాను. ఇండియాలో ఎక్కడన్నాడు. మచిలీపట్నమంటే ఏం తెలుస్తుందిలే అనుకుంటూనే చెప్పాను. ఆయన లేచి నిలబడ్డాడు.

"మసూలిపట్నం!"

డచ్ ఈస్టిండియా కంపెనీకి ఉన్న ఆరు శాఖల్లో డెల్ఫ్ట్ ఒకటట. ఆ కంపెనీ ఇల్లు ఇప్పటికీ ఉంది, ఇందాక మనం నడిచివచ్చిన కాలువ గట్టునే అన్నాడు. ఆ కంపెనీ 1605లోనే మా బందరులో కొట్టు పెట్టింది. మా అద్దకం బట్టలు ఓడలకి ఎత్తుకొచ్చింది. ఆ రకం బట్టని వీళ్లిప్పటికీ 'సిట్స్' అంటారు. నేనూ ఊరుకోలేదు. మావాళ్లు డచ్చివాళ్లని వలందులనేవారు, మా ఊళ్లో మీ పేరు మీద వలందపాలెం అని పేటే ఉంది, మీవాళ్ల సమాధులూ ఉన్నాయి అన్నాను. అక్కడితో ఆగొచ్చు గానీ, ధైర్యమొచ్చింది కదా, "మీరు పిలవకుండా మా ఊరొచ్చారు, నాలుగువందల ఏళ్లకి నేను పిలవకుండా మీ ఇంటికొచ్చాను, చెల్లుకి చెల్లు" అనేశాను.

పెద్దాయన వేలెత్తాడు. "గోల్కొండ సుల్తాను దగ్గర మావాళ్లు అనుమతి తీసుకున్నారు."

దానికి నా దగ్గర జవాబు లేదు. లడ్ల డబ్బా తీశాను. మొదటి రెండూ ఆ పిల్లకే. తక్కినవాళ్లంతా తలొకటి తీసుకుని, కళ్లు మూసుకుని తిన్నారు. మళ్లీ తిప్పితే వద్దన్నారు. మనవైపు వద్దంటే ఇంకోసారి అడగమని అర్థం కాబట్టి కొసరి కొసరి అడిగాను. ఇక్కడ వద్దంటే నిజంగా వద్దనేనట. పెద్దావిడ ఒక్కతే నా బాధ అర్థం చేసుకుని మూడు తింది. తర్వాత అందరూ కలిసి ఫోటో దిగారు. నన్ను బెలూన్ల మధ్య, ఆవిడ పక్కన నిలబెట్టారు.

చీటీలో నంబరుకి పెద్దాయన ఫోను చేస్తే, మావాడు అరగంటలో తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆవిడేమీ కంగారుపడి లేదు. మొత్తం టూరు చూసింది. పాత చర్చిలో ఏ చిత్రకారుడి సమాధి ఉందో, నీటిబొట్టులో పురుగులు కనిపెట్టిన బట్టల వ్యాపారిది ఎక్కడుందో దారిపొడుగునా చెప్పింది. వెర్మీరూ, లీవెన్‌హుక్కూ ఆ కప్పు కిందే ఉన్నారట. "మీరు లేరని చూసుకునేసరికి టూరు అయిపోయిందండీ. మీ వంతు పది యూరోలు కూడా నేనే ఇచ్చాను" అంది. మేనేజరు ఇంటికి ఖాళీ డబ్బాతో వెళ్లలేక, దారిలో చీజ్ కొన్నాం. జీలకర్రదే.

రాత్రి ఆ ఫోటో మావాడి ఫోనుకి వచ్చింది. వాడు చూసి నవ్వి, ఒక్క ముక్క కూడా రాయకుండా మా చుట్టాల గ్రూపులో పెట్టేశాడు. తెల్లారి లేచి వైఫై పెట్టేసరికి నలభై ఏడు మెసేజీలు. మొదటిది గుడివాడ బావమరిది నుంచి:

"సహస్ర చంద్ర దర్శనం శుభాకాంక్షలు బావగారూ. మీకు ఎనభై అంటే నమ్మలేకపోతున్నాం. రిటైరైంది మొన్ననే కదా, బ్యాంకులో వయసు తక్కువ రాయించారా?"