మెంటర్ సరే, అప్పుల సంగతేంటి?

అమెరికాలో మైనారిటీల (నల్లజాతి, ఆసియా మూలాల వంటి వర్గాల) ఆరోగ్యం మీద పనిచేసే కొత్త పరిశోధకులకు దారి చూపే మంచి మెంటర్ దొరికితే చాలన్నట్టు మీ వ్యాసంలో రాశారు. మెంటర్ సరే, ముందు ఇల్లు గడవాలి కదండీ! అమెరికాలో చదువు అప్పులు మామూలుగా ఉండవు. వైద్య పరిశోధనకు నిధులిచ్చే అక్కడి ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ వాళ్ల లోన్ రీపేమెంట్ పథకం గురించి ఒక్క ముక్కైనా రాయాల్సింది. ఆరోగ్య అసమానతల (వర్గానికీ వర్గానికీ ఆరోగ్యంలో ఉండే తేడాల) పరిశోధనకు అందులో విడిగా ఒక విభాగమే ఉంది. ఎంపికైతే ఏడాదికి 50 వేల డాలర్ల దాకా అప్పు వాళ్లే కడతారు. కాకపోతే పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి. వీసా మీద పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన) చేస్తున్న మన పిల్లలకు అది అందదు. వాళ్లు పోస్ట్‌డాక్‌లకు ఎన్‌ఐహెచ్ ఇచ్చే కే99 లాంటి గ్రాంటుకు పెట్టుకోవచ్చు, దానికి పౌరసత్వం అడగరు. పోటీ మాత్రం విపరీతం.

ఈ పరిశోధనతో మనకేం పని అనుకోవద్దు. 2010లో మొదలైన మసాలా స్టడీ (పేరు నిజంగా అదే) అమెరికాలోని దక్షిణాసియా వాళ్ల గుండె జబ్బుల మీదే. మనవాళ్లకు సన్నగా ఉన్నా షుగర్ వస్తుంది. అందుకే ఆసియా మూలాలున్నవాళ్లకు షుగర్ పరీక్ష విషయంలో బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) హద్దును 25 నుంచి 23కు తగ్గిస్తూ అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లో సిఫార్సు మార్చింది. ఎవరో ఏళ్ల తరబడి లెక్కలు తీస్తేనే కదా ఆ తేడా బయటపడింది.

అలాంటిది అమెరికా ప్రభుత్వం 2026 బడ్జెట్ ప్రతిపాదనలో ఎన్‌ఐహెచ్‌లోని మైనారిటీ ఆరోగ్య సంస్థనే ఎత్తేద్దామన్నారు. ఆ టెన్షన్‌లో ఉన్న పీహెచ్‌డీ విద్యార్థికి ఏ మెంటరైనా ఏం చెప్పి ధైర్యమిస్తారు?