వీపుల ఆల్బం

ఆ మధ్య ఒక రాత్రి రెండు నలభై ఏడుకి ఫోన్ టింగుమంది. "మీ ఆవరణలో అపరిచిత వ్యక్తి." పై ప్రాణాలు పైనే పోయాయి. కళ్లజోడు తడుముకుని చూస్తే దండెం మీద నా లుంగీ. నీలం గళ్లది. ఆరేళ్లుగా నాతో కాపురం చేస్తోంది. దాన్ని అపరిచితమంటే నేనెలా ఒప్పుకునేది?

తెల్లారాక మా గోడ మీది సోలార్ కెమెరా కంపెనీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. నలభై నిమిషాలు వీణ వినిపించాక ఒకమ్మాయి వచ్చి శాస్త్రీయంగా విడమరిచింది. పిల్లి కదిలిందట. ఆ కదలికకు కెమెరా లేచిందట. లేచేసరికి పిల్లి పోయింది, ఎదురుగా లుంగీ ఊగుతోంది, నిద్రమత్తులో మనిషనుకుందట. పరిష్కారం కూడా చెప్పింది. "సార్, బట్టలు లోపల ఆరేసుకోండి."

ఇదీ ఇంటి భద్రత. మీ గోడ మీద కూడా ఇలాంటిదొకటి ఉండే ఉంటుంది, మీకు నేను కొత్తగా చెప్పేదేముంది? అయినా కడుపులో పెట్టుకోలేక చెబుతున్నాను.

మాది గోదావరిఖని. ముప్పై ఒక్క ఏళ్లు బొగ్గు బాయిలో దిగి, దిగి, చివరికి ఉద్యోగంలోంచే దిగినవాణ్ణి. షిఫ్టు మొదట్లో ల్యాంపు రూములో క్యాప్ ల్యాంపు తీసుకుని, బ్యాటరీ నడుముకు కట్టుకుంటే, భూమి కడుపులో ఎనిమిది గంటలు వెలిగేది. ఎండ మొఖం ఎరగని ఆ దీపం నన్ను ఒక్కనాడూ చీకట్లో వదిలెయ్యలేదు. ఇప్పుడు నెత్తిన సూర్యుణ్ణి పెట్టుకుని కూర్చున్న ఈ మహారాజు రోజు విడిచి రోజు "బ్యాటరీ తక్కువగా ఉంది" అంటున్నాడు.

కొనమన్నది అల్లుడు. "మామయ్యా, వైరుండదు, కరెంటు బిల్లుండదు, గోడకు మూడు స్క్రూలు, అంతే." అల్లుడి మాట కాదంటే కూతురు ఫోన్ చేస్తుంది. కూతురు ఫోన్ చేస్తే వాళ్లమ్మ మొఖం మాడుతుంది. మన దేశంలో భద్రతా పరికరాలు ఎక్కువ భాగం ఈ దారినే అమ్ముడుపోతున్నాయని నా నమ్మకం. కాలనీ సెక్రటరీ గారయితే ఏకంగా చట్టమే తీశారు. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత చట్టం వచ్చింది, వందమంది గుమిగూడే చోట సీసీ కెమెరా ఉండాలి, ముప్పై రోజుల రికార్డు దాచాలి అన్నారు. "మా ఇంట్లో మేమిద్దరమే కదండీ" అన్నాను. "స్ఫూర్తి ముఖ్యం" అన్నారు. పైగా ఒక్క సీసీ కెమెరా వందమంది పోలీసులతో సమానమని పోలీసులే మైకుల్లో చెబుతూ వచ్చారు. వందమంది పోలీసులు ఆరువేల రెండొందలకు వస్తుంటే కాదనడానికి నేనెవణ్ణి? ఆ వందమందీ నిద్రలో ఉంటారని మాత్రం ఏ మైకూ చెప్పలేదు.

వైరు కెమెరా పొద్దూ మాపూ కళ్లు తెరుచుకునే ఉంటుంది, కరెంటు తింటుంది కాబట్టి. సోలార్ కెమెరా పొదుపు సంసారం. దాని మొఖాన తెల్లగా ఒక బుడిపె ఉంటుంది. వేడి ఒళ్లేదైనా ముందునించి కదిలితే అది పసిగట్టి కెమెరాని తట్టి లేపుతుంది. కెమెరా లేచి, ఒళ్లు విరుచుకుని, వైఫై వెతుక్కుని, రికార్డు మొదలెట్టేలోగా ఒకటి రెండు సెకన్లు. ఈలోగా వచ్చినవాడు దాటిపోతాడు. అందుకని మా గేటు దాటిన ప్రతివాడి వీపూ నా దగ్గర భద్రంగా ఉంది. పాలబ్బాయి వీపు, గ్యాస్ బండతో సహా గ్యాసతని వీపు, చందాకొచ్చిన వినాయక కమిటీ వీపులు ఆరు. మొఖం ఒక్కటీ లేదు. రేపు మా ఇంట్లో దొంగతనం జరిగి, అనుమానితుల్ని గోడవైపు తిప్పి నిలబెడితే మాత్రం ఇట్టే పట్టిస్తాను.

ఇక ఆ సోలార్ సంగతి. మా పక్కనే రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయర్లో 2022 జూలై నుంచి 100 మెగావాట్ల సోలార్ ప్లాంటు నీళ్లమీద తేలుతోంది. ఆ పలకల కింద నీళ్ల చల్లదనం. నా అయిదు వాట్ల పలక మీద వేపచెట్టు నీడ. బిగించడానికొచ్చిన కుర్రాడు బుద్ధిమంతుడే. మనం భూమధ్యరేఖకు పైన ఉన్నాం కాబట్టి పలక దక్షిణం చూడాలి, పద్దెనిమిది పందొమ్మిది డిగ్రీల వాలుండాలి అన్నాడు. పక్కనే మా వియ్యంకుడున్నాడు. "యముడి దిక్కుకు అద్దం చూపిస్తరా బావగారూ?" అన్నాడు. అరగంట చర్చ జరిగి ఆగ్నేయం దగ్గర రాజీ కుదిరింది. ఆగ్నేయంలో వేపచెట్టుంది. చిన్న పలక మీద ఒక మూల కొమ్మ నీడ పడినా కరెంటు చతికిలబడుతుందని రాజీ కుదిర్చినవాళ్లకి తెలియదు.

డబ్బా మీద ఐపీ 66 అని కూడా రాసుంది. మొదటి ఆరు దుమ్ము లోపలికి పోదని, రెండో ఆరు నీటిధార కొట్టినా ఏమీ కాదని. నిజమే, దుమ్ము లోపలికి పోలేదు. పైనే కూచుంది. ఓసీపీలో, అదే ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో, బ్లాస్టింగ్ అయ్యాక మా కాలనీలో ఆరేసిన వడియాలే నల్లబడతాయి, ఇక పలకెంత? ఆదివారం ఆదివారం స్టూలెక్కి తడిగుడ్డతో తుడుస్తున్నాను. కరెంటు బిల్లు లేదు, ఒప్పుకుంటాను. మోకాళ్ల నూనె బిల్లుంది.

మే నెల వచ్చింది. మా ఎండలు మీకు తెలుసు, నలభై అయిదు మాకు మామూలు. ఇంత ఎండలో బ్యాటరీ పొంగిపొర్లుతుందనుకుంటాం కదా. లిథియం బ్యాటరీ నలభై అయిదు దాటితే చార్జింగు తీసుకోదు, ఒంటికి మంచిది కాదని. అంటే సూర్యుడు లేకపోతే ఎండ లేదని అలుగుతుంది, సూర్యుడొస్తే ఎండెక్కువైందని అలుగుతుంది. పెళ్లివారింట్లో పెద్ద మేనత్త అచ్చం ఇలాగే ఉంటుంది. అదలా ఉండగా, బుడిపె పసిగట్టేది ఒంటివేడికీ చుట్టుపక్కల వేడికీ ఉన్న తేడాని. మనిషి ముప్పై ఏడు, మా గోడ నలభై పైన. తేడా కరిగిపోయి దాని చూపు మందగిస్తుంది. కాబట్టి దొంగ సోదరులకు మనవి: మే నెల, మధ్యాహ్నం రెండు గంటలకు దయచేయండి. మజ్జిగ ఫ్రిజ్‌లో ఉంటుంది.

వానాకాలం గురించి చెప్పను. మూడు రోజులు ముసురు పట్టింది, మూడు రోజులు అదీ పడుకుంది. లేచాక సాలెపురుగు ఒకటి అద్దం మీద గూడు కట్టి, రాత్రి దీపానికి తెల్లగా మెరుస్తూ ఏనుగంత కనిపించింది. చాలు.

కోతి గురించి మాత్రం చెప్పాలి.

దసరా వెళ్లిన మూడో రోజు. నేనొక పెళ్లి భోజనంలో ఉన్నాను. విస్తట్లో అప్పుడే నెయ్యి పడింది. టింగ్. "వ్యక్తి." లుంగీలే అనుకున్నాను. టింగ్. "వ్యక్తి." టింగ్, టింగ్, టింగ్. ఎడమచేత్తో ఫోన్ తెరిస్తే తెరంతా నలుపు, తడి, మధ్యలో రెండు గుహలు. గుహలు బుసకొడుతున్నాయి. కాసేపటికి అవి వెనక్కి జరిగితే, ముక్కు అని అర్థమైంది. తర్వాత పళ్లు. కెమెరాని కొరికి చూస్తోంది. ఐపీ 66లో కోతి పంటి ప్రస్తావన లేదు. ఆ వెనకాల మా ఆవిడ తలకిందులుగా చీపురు పట్టుకుని ఆకాశంలో నడుస్తోంది. మూడు స్క్రూలూ ఊడాయన్నమాట.

అల్లుడు నేర్పింది గుర్తొచ్చింది. ఫోన్‌లో మాట్లాడితే కెమెరాలోంచి వినిపిస్తుంది. పంక్తి మధ్యలో లేచి నిలబడి "హుష్! హుష్!" అని అరిచాను. వడ్డించేవాడు గరిట ఆపేశాడు. అక్కడ కోతి చేతిలో నా గొంతు "హుష్" అంది. కోతి కెమెరాని దూరంగా పట్టుకుని ఒకసారి నఖశిఖపర్యంతం చూసి, చెవి దగ్గర పెట్టుకుంది. మళ్లీ అనమన్నట్టు. ఈలోపు ఇంకో నాలుగు కోతులు గోష్టికి వచ్చాయి. సైరన్ నొక్కాను. కుయ్యిమని మోత, తెల్లటి లైటు. పారేసి పారిపోతుందనుకున్నాను. చంకనేసుకుని పారిపోయింది. వేపకొమ్మ, గోడ, పక్కింటి సన్‌షేడు, మళ్లీ ఆకాశం, ఎవరిదో తోక. నా చుట్టూ పెళ్లివారు మూగారు. పెళ్లికొడుకు మేనమామ "లైవేనా?" అని అడిగి కుర్చీ లాక్కున్నాడు.

అప్పుడు తెర మీద ఒక ప్రశ్న. "ఈ ముఖం పదేపదే కనిపిస్తోంది. పరిచయస్తుల జాబితాలో చేర్చాలా?" నెయ్యి వేలు జారి "అవును" మీద పడింది. పేరు రాయమంది. పక్కనే బావమరిది కూర్చుని నవ్వుతున్నాడు. కోపంలో ఏం రాశానో మీరు ఊహించుకోగలరు. ఆనాటి నుంచి కోతి గోడ మీదికొచ్చినప్పుడల్లా నా ఫోన్ మర్యాదగా చెబుతోంది: "బావమరిది వచ్చారు."

కెమెరాని కోతి పక్కింటి డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన వదిలేసింది. పక్కింటాయన తాళం వేసి బెంగళూరులో కొడుకు దగ్గరికి వెళ్లాడు. వచ్చేదాకా దిగే మార్గం లేదు. వింతేమిటంటే ఆ సాయంత్రానికి చార్జింగు 70. మర్నాడు 100. పలక సరిగ్గా దక్షిణం చూస్తోంది, వాలు కూడా కుదిరింది, నీడ లేదు, వైఫై ఒక్క గీత అందుతోంది. కుర్రాడికీ, వియ్యంకుడికీ, నాకూ చేతకానిది కోతికి చేతనైంది. అంత ఎత్తు నుంచి మా వీధంతా అద్దంలా కనిపిస్తోంది. మొఖాలతో సహా.

ఆ మొఖాల దగ్గరే వచ్చింది చిక్కు.

నాలుగో రోజు పదకొండింటికి "అపరిచిత వ్యక్తి" అని వచ్చింది. చూస్తే మన చెత్తబండామె. తాళం వేసిన ఆ పక్కింటి గేటు నీడలో బండి ఆపి, మెట్టు మీద కూచుని, బయటి నల్లా తిప్పి దోసిలితో నీళ్లు తాగింది. చెంగుతో మొఖం తుడుచుకుంది. చెప్పు విప్పి, అరికాలి నుంచి ఏదో పీకి పారేసింది. అంతే. నలభై సెకన్లు. చెప్పు తెగి దారంతో కుట్టి ఉండటం కూడా కనిపించింది, అంత స్పష్టంగా ఉంది బొమ్మ. ఎనిమిది నెలల్లో మొదటిసారి ఒక మనిషి మొఖం దొరికిందన్న సంబరంలో దాన్ని కాలనీ గ్రూపులో పెట్టాను. "చూడండి క్లారిటీ" అని రాసి మరీ.

క్లారిటీ ఎవడూ చూడలేదు. "ఎవరీమె?" అన్నారు ఒకరు. "తాళమేసిన ఇంటిముందు ఏం పని?" అన్నారు ఇంకొకరు. "రెక్కీ అయ్యుండొచ్చు" అన్నాడు రిటైరయ్యాక సీరియళ్లు ఎక్కువ చూసే ఒక పెద్దమనిషి. సెక్రటరీ గారు "ఆధార్ జిరాక్స్ తీసుకోవాలి, ఇలాంటోళ్లను గేటు దాటనీయొద్దు" అని చేతులు జోడించిన బొమ్మ పెట్టారు.

ఎవరీమెనా? పదకొండేళ్లండీ! పదకొండేళ్లుగా మీ మనవడి డైపర్లు, మీ కుళ్లిన కూర, మీరు కాగితంలో చుట్టకుండా పారేసిన బ్లేడు ముక్కలు ఎత్తుతున్న మనిషిని పట్టుకుని ఎవరీమె అంటారా? కరోనాలో మీరు తలుపు తీయడానికి భయపడి పాల ప్యాకెట్లు కడుక్కుంటున్నప్పుడు ఆ బండి ఒక్కరోజు ఆగిందా? మీ చెత్తకు మీరే ముక్కు మూసుకుంటారు, ఆమె చేత్తో వేరు చేస్తుంది. మా ఊరి ఎండలో ఇంత నీడనూ, ఇన్ని నీళ్లనూ వాడుకున్నందుకు జిరాక్సులా? కోతికి నా ఫోన్లో పేరుంది, చుట్టరికం కూడా ఉంది. ఆమె అపరిచిత వ్యక్తి. యంత్రాన్ని ఏమనను, దానికి పరిచయం చేయాల్సింది నేను. మీ అందర్నీ తిడుతున్నాను గానీ, ఆ మెసేజీలు పడుతుంటే రెండు గంటలు నోరు మూసుకుని చూసింది కూడా నేనే. మూడో గంటలో వీడియో తీసేశాను. అప్పటికే పక్క కాలనీ గ్రూపుకెళ్లింది.

సాయంత్రం మా ఆవిడనడిగాను, ఆమె పేరేమిటని. రోజూ టీ గ్లాసు గేటు మీద పెట్టేది ఈవిడే కదా.

"నాకెరికే" అంది, చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ. "నీకెందుకు చెప్పాలె? మల్ల గ్రూపుల వెడ్తవ్."

పక్కింటాయన బెంగళూరు నుంచి వచ్చాడు. డాబా ఎక్కి కెమెరా తెచ్చిచ్చాడు, పంటి గాట్లతో సహా. మళ్లీ ఆగ్నేయం వైపే గోడకు బిగించాను. చార్జింగు 38. చెత్తబండి ఇప్పుడు మా వీధిలో ఆగడం లేదు. మూలమలుపు దగ్గర విజిల్ వేస్తుంది, ఎవరి బకెట్ వాళ్లు తీసుకెళ్లి ఇవ్వాలి. ఇవాళ నేను లుంగీ సర్దుకుని, బకెట్ పట్టుకుని వెళ్లేసరికే బండి కదిలిపోయింది. ఇంటికొచ్చి చూస్తే కెమెరా కూడా ఎప్పటిలాగే ఆలస్యంగా లేచి, ఒక వీపు తీసి పెట్టింది. బకెట్‌తో పరిగెడుతున్న ముసలివాడి వీపు. కింద రాసుంది: "అపరిచిత వ్యక్తి."