శీతాకాలంలో పునాది కాలువ: జిల్లా పరువుకు భంగం

అనంతపురం జిల్లా మర్యాదను మంటగలిపే పని ఒకటి మా కాలనీలో జరుగుతోంది. సంక్రాంతి ముగ్గులు ఇంకా చెరగలేదు, ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. అయినా ఒక రిటైర్డ్ ఉద్యోగి ఇంటి చుట్టూ కందకం తవ్విస్తున్నాడు. గుప్తనిధుల కోసమైతే సీమలో ఎవరూ తప్పుపట్టరు. ఈయన తవ్వేది వాననీళ్లు పునాది దగ్గర నిలవకుండానట!

ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్పనుకునే జిల్లాలో, ఆ కాస్తా పడని నెలలో, నీళ్లు బయటికి పోయే దారి వెతకడం కరువును అవమానించడం కాదా? రేపు కరువు చూడడానికి కేంద్ర బృందం వస్తే, ఆ కందకం వాళ్ల కంట పడితే, మనం ఏ మొహం పెట్టుకుని సాయం అడగాలి?

ఆయన వాదన కూడా విన్నాను. పడమటి కనుమల చాటున ఉన్న మనకు జూన్, జులైలలో తుంపరలే, కుమ్మేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. సంక్రాంతికల్లా తుపాన్ల భయం తీరుతుంది, నేల ఆరుతుంది, తవ్విన గాడిలో ఊట ఉండదు, అంచులు విరిగి పడవు. వేరుశనగ పీకడాలు అయిపోయి కూలీలు దొరుకుతారు. జేసీబీ యజమాని ఫోనెత్తుతాడు. ఇదంతా నిజమే కావచ్చు. నిజమైనంత మాత్రాన చేసేయడమేనా?

ఈ బుద్ధి ఆయనకు సొంతంగా పుట్టింది కాదు. మినెసోటాలో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో నూరిపోశాడు. అక్కడ ఇంటి కింద భూమిలో ఒక గది ఉంటుంది, మంచు కరిగే రోజుల్లో పునాది గోడల్లోంచి నీళ్లు అందులోకి చెమరుస్తాయి. చలికాలంలో నేల మూడు నాలుగడుగుల దాకా గడ్డకట్టి గునపం దిగదు. అయినా ఆ రోజుల్లో పనివాళ్లు ఖాళీగా ఉంటారు, బేరం కుదురుతుందని, నేల పూర్తిగా బిగుసుకునేలోపే కొందరు తవ్వించేస్తారట. వాళ్ల బాధ వాళ్లది. మన నేల ఏ నెలలోనూ గడ్డకట్టదు కదా, మనకేం తొందర?

పని తీరు మరీ ఘోరం. నాలుగంగుళాల చిల్లుల పైపు, చుట్టూ ఇరవై ఎంఎం కంకర, కంకరలోకి మట్టి చేరకుండా ఫిల్టర్ గుడ్డ, వందడుగులకు ఒక అడుగు వాలు. గాడి మాత్రం పునాది అడుగుమట్టం కంటే లోతుకు పోకూడదు, పోతే పునాది కిందే ఖాళీ అవుతుంది. మేస్త్రీ చిల్లులు పైకి పెట్టి పరిచాడు, వాన పైనుంచి కదా పడేది! ఈయన మొత్తం తీయించి చిల్లులు కిందికి తిప్పించాడు. కంకరలో నీళ్లు అడుగు నుంచి నిండుకుంటూ వచ్చి, ఆ చిల్లుల్లోంచే పైపులోకి చేరతాయట. "వానే రాని ఊర్లో చిల్లులు యా పక్కకుంటే ఏముంది సారూ?" అన్నాడు మేస్త్రీ. మన పట్టణ ప్రణాళికను ఇంత క్లుప్తంగా చెప్పినవాళ్లు నాకు తెలిసి లేరు.

వాలు దగ్గర ఇంకో గొడవ. స్థలం నైరుతికి పల్లం. నీళ్లు ఈశాన్యానికే పోవాలని వాస్తు చూసే పెద్దమనిషి పట్టుబట్టాడు. అటు తిప్పితే నీళ్లు మిట్ట ఎక్కాలి కదా స్వామీ అంటే, "శాస్త్రం ప్రకారం ఎక్కాల్సిందే" అన్నాడు. పైగా పుష్యం శూన్యమాసం.

వీటన్నిటినీ మించిన అడ్డంకి రోడ్డు. ఆ ఇల్లు కట్టిన కొత్తలో రోడ్డు మీంచి మూడు మెట్లెక్కి వరండాలోకి వెళ్లేవాళ్లం. తర్వాత ఎన్నికలు దగ్గరపడ్డప్పుడల్లా పాత సిమెంటు రోడ్డు మీదే కొత్త సిమెంటు రోడ్డు పోశారు. ఇప్పుడు రెండు మెట్లు దిగి వెళ్లాలి. ఇల్లు కుంగలేదు, ప్రజాస్వామ్యం పెరిగింది. రోడ్డుతో పాటు మురుగుకాలువా లేచింది. పైపు నోరు అందులో కలిపితే ఇంటి నీళ్లు బయటికి పోవడం అటుంచి, కాలువే పునాదిని పలకరించడానికి వస్తుంది. అందుకని ఆయన పెరట్లో పల్లపు మూల, గోడలకు దూరంగా ఇంకుడుగుంత తీయించాడు. ఇంటి ప్లానులో గీసి చూపించడానికి తప్ప దాన్ని నిజంగా తవ్వుతారని కాలనీలో చాలామందికి అప్పుడే తెలిసింది.

2022 అక్టోబరులో నడిమివంక వాగు పొంగి అనంతపురంలో కాలనీలు మునిగాయి కదా, ఈ పైపు వంకను ఆపుతుందా అని నిలదీశాను. "వంకనెవరాపుతారప్పా? దాని దారిలో మనమే ఇండ్లు కట్టుకున్యాం. ఇది గోడ మూలన నిలిచే నీళ్లకే" అన్నాడు. చేయగలిగినంతే చేస్తాడట! ఇలాంటివాళ్లను చూసి పిల్లలు చెడిపోతారు.

పక్కనే బుక్కరాయసముద్రం ఉంది. చెరువుకట్ట నిలబడడానికి ముసలమ్మ ప్రాణమిచ్చిందని తరతరాలుగా కథలు కథలుగా చెప్పుకుంటున్నాం. కట్ట తెగేటప్పుడు త్యాగం చేయడం మన సంప్రదాయం, తెగకముందు తట్టెడు మట్టి వేయడం కాదు.

కనుక కాలనీ సంఘం తరఫున మేం తీర్మానించాం. మా ఇళ్ల పునాది కాలువలు పద్ధతి ప్రకారం ఆశ్వయుజంలో, తుపానుకు పేరు పెట్టిన మర్నాడు, మోకాటి లోతు నీళ్లలో మొదలుపెడతాం. ఎవరి గాడి వాళ్లు పక్కింటి వైపు తవ్వుకుంటారు. ఆ వారం జేసీబీ గంటకు ఎంత చెబితే అంత ఇవ్వడానికి చందాలు కూడా వసూలవుతున్నాయి. ఆ రిటైర్డ్ ఉద్యోగి మాత్రం చందా ఇవ్వలేదు.