కారక్తేర్ ఉన్న ఇల్లట!

ఈ నెలలో ఇది నాలుగోసారి. "కొండాపూర్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ ధరకే ఫ్రాన్స్‌లో రాతి బంగళా" అనే రీలు. ముందు మా చిన్నాన్న కొడుకు పంపాడు, తర్వాత పాత ఆఫీసు గ్రూపులో ఇద్దరు, నిన్న సాక్షాత్తూ మా అత్తగారు. ఆవిడైతే "నువ్వు అక్కడే ఉన్నావు కదమ్మా, ఒకటి చూడకూడదూ" అని వాయిస్ మెసేజ్ కూడా పెట్టారు. చూశాను అత్తయ్యా. ఏడాదిన్నరలో పదకొండు ఇళ్ళు చూశాను, ఒకదానికి అగ్రిమెంట్ మీద సంతకం పెట్టి మరీ వెనక్కి వచ్చాను. ఆ కడుపుమంటంతా ఇక్కడ కక్కేస్తున్నా, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

మేం ఉండేది తూలూజ్‌లో. శనివారం పొద్దున్నే పులిహోర డబ్బా కట్టుకుని, ఉత్తరాన వంద కిలోమీటర్ల పైన ఉండే లోత్ జిల్లాకి పోయి ఇళ్ళు చూడటం మాకు వ్యసనంలా తయారైంది. ఆ ప్రాంతం పాత పేరు కెర్సీ. అన్నీ సున్నపురాయి కొండలు, తెల్లటి రాతి ఇళ్ళు. కింది భాగం ఒకప్పుడు పశువులకీ ద్రాక్షసారా పీపాలకీ, మనుషులు ఉండేది పైన. బయటినుంచి రాతి మెట్లు, మెట్లెక్కగానే కప్పు వేసిన చిన్న అరుగు, దాన్ని బోలే అంటారు. పక్కనే పావురాల గూడు. గూడంటే మీరు అనుకునేది కాదు, రెండంతస్తుల బురుజు, ఎందుకంటే పావురాల రెట్ట అప్పట్లో పొలానికి అంత విలువైన ఎరువు. మొదటిసారి ఓ బోలే మీద కూర్చుని పులిహోర తిన్న రోజే మా ఆయన "కొనేద్దాం" అన్నాడు. అక్కడ మొదలైంది మా శని.

ప్రకటనల్లో ఇలాంటి వాటిని "మేజోఁ ద కారక్తేర్" అంటారు, క్యారెక్టర్ ఉన్న ఇల్లు అని. పెళ్ళిళ్ళ పేరయ్య మాటలకీ వీటికీ తేడా లేదు. "కొద్దిగా ఫ్రెష్ చేసుకుంటే చాలు" అంటే వైరింగ్ మొత్తం పీకి మళ్ళీ వెయ్యాలని. "అవకాశాలు అపారం" అంటే పైకప్పు కొంత లేదని. "ప్రశాంతమైన పల్లె" అంటే రొట్టెల కొట్టు కూడా మూతపడిందని, డాక్టరు కావాలంటే ముప్పై కిలోమీటర్లు పోవాలని.

అంత చౌక ఎందుకో మాత్రం రీలులో చెప్పరు. 19వ శతాబ్దం మధ్యలో లోత్ జిల్లాలో దాదాపు 3 లక్షల మంది ఉండేవారు, ఇప్పుడు లక్షా 75 వేలకి అటూ ఇటూ. ఫిలోక్సెరా అనే పురుగు ద్రాక్షతోటల్ని ఊడ్చేసింది, జనం పట్నాలకి పోయారు, మిగిలిన కుర్రాళ్ళలో ఎంతోమందిని 1914 యుద్ధం మింగింది. చర్చి పక్కన యుద్ధ స్మారకం మీద పేర్లు చదువుతుంటే ఒకే ఇంటిపేరు మూడు నాలుగు సార్లు తగులుతుంది. ఉండేవాళ్ళు లేక ఇళ్ళు మిగిలాయి, అంతే. దానికితోడు వారసత్వం. 1804 నాటి నెపోలియన్ కోడ్ నుంచీ పిల్లలకి వాటా ఇవ్వక తప్పదు. పెద్దవాళ్ళు పోయాక ఇల్లు ఉమ్మడి ఆస్తి, అమ్మాలంటే మామూలుగా అందరి సంతకాలూ కావాలి. మాకు నచ్చిన ఇంటికి నలుగురు వారసులు. ఒకాయన కెనడాలో ఉంటాడు, చెల్లెలితో పన్నెండేళ్ళుగా మాటల్లేవు. నంద్యాల దగ్గర మా ఊళ్ళో ఈ కథ చెబితే ఎవరూ తల కూడా ఎత్తి చూడరు. ఆయన ఊ అనడానికి 5 నెలలు పట్టింది.

సరే, ఆ ఇల్లు. 1,35,000 యూరోలు, యూరో వంద రూపాయల లెక్కన కోటీ ముప్పై ఐదు లక్షలు. జానెడు పొడవు తాళంచెవి. నేలంతా ఆరు మూలల ఎర్రమట్టి పలకలు, మా ఊరి బేతంచర్ల బండల్లాగే కాలికి చల్లగా. ఓక్ దూలాలు, వంటింటి కిటికీ కింద గోడలోనే తొలిచిన రాతి తొట్టి. గోడలకి కొత్తగా తెల్లరంగు. ఆ తెలుపు చూసి మురిసిపోయానే గానీ, అమ్మబోయే పాత ఇంటికి ఇంత హడావిడిగా రంగెందుకు వేశారని నా మట్టిబుర్రకి తట్టలేదు.

అగ్రిమెంట్ అయ్యాక కొనేవాళ్ళకి పది రోజుల గడువుంటుంది, మనసు మార్చుకోవడానికి. ఆరో రోజు తెలిసినవాళ్ళు చెప్పిన ఒక ముసలి మేస్త్రీని తీసుకెళ్ళాం. ఆయన దూలాల వైపు కన్నెత్తి చూడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని గోడ అడుగున చిన్న సుత్తితో కొట్టుకుంటూ పోయాడు. టక్, టక్, టక్, డబ్. ఆ డబ్ దగ్గర ఆగి ఉలి ఆనించి ఒక్క దెబ్బ వేశాడు. అరచేయంత సిమెంటు పెచ్చు ఊడిపడింది. వెనకాల రాళ్ళ మధ్య మట్టి వడియాల పిండిలా జారుతోంది. నా వేలు పెడితే రెండు కణుపులు దిగింది. తర్వాత దూలం గోడలోకి దూరేచోట స్క్రూడ్రైవర్ గుచ్చాడు, పిడి దాకా పోయింది. ఏమీ అనలేదు, మా ఆయన మొహం చూసి భుజాలెగరేశాడు.

ఈ గోడలు అరవై సెంటీమీటర్ల మందం, రాళ్ళూ మట్టీ సున్నమూ. నేలలోంచి నెమ్ము ఎక్కుతుంది, గోడలోంచి ఆరిపోతుంది, వందల ఏళ్ళు అలాగే నిలబడ్డాయి. లోపలా బయటా సిమెంటు పూశారంటే ఆ నెమ్ముకి దారి లేక పైకి పాకుతుంది, దూలాల కొనలు తింటుంది. నాకు బాగా ఉక్రోషం వచ్చింది ఇక్కడే. 1998లో మా నాన్న తాతల నాటి రాతి మిద్దెకి అచ్చం ఇదే పని చేశాడు, గానుగ సున్నం గోడలు పాతవాసన వేస్తున్నాయని సిమెంటు పూయించాడు. మూడో వానాకాలానికి నడుమెత్తు చౌడు. ఆ చౌడు పక్కన మంచం వేసుకుని పడుకున్నదాన్ని నేను!

ఇక్కడ మనవాళ్ళు, ఇంగ్లిష్ వాళ్ళు, ఆఖరికి ఫ్రెంచి వాళ్ళు కూడా ఒకటే ఏడుపు, ఇల్లు కొనాలంటే ఈ కాగితాలేంట్రా బాబూ అని. నేను మాత్రం ఆ కాగితాలకి దండం పెడతాను. ఏజెంట్ నవ్వుతూ అబద్ధం చెప్పాడు, ఫొటోలు అబద్ధం, తెల్లరంగు అబద్ధం. అమ్మేవాళ్ళే చేయించి ఇవ్వాల్సిన రిపోర్టుల ఫైలు ఒక్కటి మొదటి రోజు నుంచీ నిజం చెబుతూ నా మెయిల్లో పడుంది. నేనే చదవలేదు, ఫ్రెంచిలో ఎనభై పేజీలు ఎవడు చదువుతాడని. 1949కి ముందు కట్టిందైతే రంగుల్లో సీసం ఉందా, వైరింగ్ పదిహేనేళ్ళు దాటితే దాని సంగతేంటి, చెదల ప్రాంతమైతే చెదలున్నాయా, నేల బంకమట్టి అయితే ఎండకి కుంచించుకుని వానకి ఉబ్బి గోడలు చీలే ప్రమాదం ఎంత, అన్నీ ఉంటాయి. సెప్టిక్ ట్యాంకు నిబంధనల ప్రకారం లేదని అందులో ఉంటే కొన్నవాళ్ళు ఏడాదిలోగా బాగుచేయించుకోవాలి, మాకు చెప్పిన ఎస్టిమేట్ 12 వేల యూరోలు. ఇక కరెంటూ హీటింగూ ఎంత తాగుతుందో చెప్పే రేటింగ్, ఏ నుంచి జి దాకా. ఆ ఇంటిది జి, అంటే అట్టడుగు. 2025 జనవరి 1 నుంచి జి ఇంటిని నివాసానికి కొత్తగా అద్దెకివ్వడానికే వీల్లేదు, 2028లో ఎఫ్ వంతు. "అద్దెకిచ్చేస్తే ఈఎంఐ అదే వచ్చేస్తుంది" అంటున్న రీలు బాబుకి ఎవరైనా చెప్పండి దయచేసి. ఆ జి అక్షరం ప్రకటనలోనే ఉంది, ఫైర్‌ప్లేస్ ఫొటో కింద, ఎవరూ దాచలేదు.

తొమ్మిదో రోజు వద్దని రిజిస్టర్డ్ పోస్టు పంపాం. కారణం చెప్పక్కర్లేదు, పైసా కోత లేదు, మూడు వారాల్లో అడ్వాన్సు వెనక్కి వచ్చింది. మన దగ్గర అడ్వాన్సు ఇచ్చి వద్దంటే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా.

ఇండియా నుంచి కొందామనుకునేవాళ్ళకి ఒక్క ముక్క. విదేశీయులు కొనొచ్చు, అడ్డు లేదు, కానీ ఇల్లు కొన్నంత మాత్రాన వీసా రాదు. టూరిస్టు వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే. ఆర్‌బీఐ పంపనిచ్చేది మనిషికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లు. పాత ఇంటి ధర మీద ఇంకో ఏడెనిమిది శాతం నోటరీ ఖర్చు (ఇక్కడ నోటరీ అంటే మన దగ్గరిలా ముద్ర వేసేవాడు కాదు, ఇంటి రిజిస్ట్రేషన్ అంతా చూసే లాయరు), అందులో ఎక్కువ భాగం పన్నులే. మీ తరఫున వేరే నోటరీని పెట్టుకున్నా అదనంగా ఖర్చవదు, ఇద్దరూ అదే ఫీజు పంచుకుంటారు, కాబట్టి పెట్టుకోండి. జనవరి చలికి నీళ్ళు గడ్డకట్టి పైపు పగిలితే వెళ్ళి చూసేదెవరో కూడా ముందే అనుకోండి.

ఆ ఇల్లు ఇంకా అమ్ముడుపోలేదు. ధర 1,17,000కి దిగింది, ఫొటోలు మార్చారు. మేస్త్రీ పెచ్చు ఊడగొట్టిన చోట ఇప్పుడు లావెండర్ కుండీ పెట్టి తీశారు. నిన్న రాత్రి ఆ మేస్త్రీకి మెసేజ్ పెట్టాను, సిమెంటంతా చెక్కించి సున్నం పూయిస్తే, ఆ రెండు దూలాలూ మారిస్తే ఎంతవుతుందని. మా ఆయనకి ఇంకా చెప్పలేదు. ఆయన ఫేస్‌బుక్ చూడడు, దయచేసి ఎవరూ ట్యాగ్ చెయ్యకండి.